అగ్నిపర్వతం తేదీ చెప్పదు

పాపువా న్యూ గినీలోని రబౌల్ ఒక రేవు పట్టణం. ఎప్పుడో పేలి, లోపలికి కూలిపోయిన అగ్నిపర్వతపు గుంటలోకి సముద్రం చొచ్చుకొచ్చి ఆ రేవు ఏర్పడింది. ఓడలకు అంత భద్రమైన చోటు కాబట్టి జనం గుంట అంచునే ఊరు కట్టుకున్నారు. 1983 సెప్టెంబరులో అక్కడ నేల వణకడం ఎక్కువైంది. కొన్ని నెలలు గడిచేసరికి రోజుకు వందల్లో భూకంపాలు. మటుపిట్ అనే చిన్న దీవి దగ్గర సముద్రపు ఒడ్డు పైకి లేస్తూ వచ్చింది. అక్టోబరు చివర్లో అధికారులు ప్రమాద స్థాయిని ఒకటి నుంచి రెండుకు పెంచారు. కొన్ని నెలల్లోనే పేలవచ్చు, సిద్ధంగా ఉండండి అని దాని అర్థం. ఎవరు ఏ దారిన పోవాలో రాసిపెట్టారు, రోడ్లు బాగుచేశారు, జనంతో కసరత్తులు చేయించారు. 1984 ఏప్రిల్‌లో భూకంపాలు బాగా ముదిరి, ఆ తర్వాత మెల్లగా సద్దుమణిగాయి. నవంబరులో స్థాయిని మళ్లీ ఒకటికి దించేశారు. కొండ పేలలేదు.

జమాఖర్చులు చూసేవారికి అదొక దండగ హెచ్చరిక. ఏడాదిపాటు ఊరంతా హడలిపోయింది, వ్యాపారాలు దెబ్బతిన్నాయి, తీరా చూస్తే ఏమీ కాలేదు. దాని విలువ తెలియడానికి పదేళ్లు పట్టింది. 1994 సెప్టెంబరు 18 తెల్లవారుజామున మూడు గంటలప్పుడు నేల గట్టిగా కదిలింది. ఈసారి నెలల గడువు లేదు. 27 గంటల్లో, 19వ తేదీ ఉదయం ఆరు దాటగానే తవుర్వుర్ అనే అగ్నిపర్వతపు నోరు, గంట తిరిగేసరికి రేవుకు అవతలి ఒడ్డున వల్కన్ అనే మరో నోరు పేలాయి. అప్పటికే పట్టణం దాదాపు ఖాళీ. 18 సాయంత్రానికే జనం మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కారు. అధికారుల ఉత్తర్వు వారి వెనకాల వచ్చింది. ఏ దారి పట్టాలో 1983-84 కసరత్తుల్లో చూసి ఉన్నారు. 1937లో ఇవే రెండు నోళ్లు తెరుచుకుని దాదాపు 500 మందిని పొట్టన పెట్టుకున్న సంగతి పెద్దలకు గుర్తుంది. బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలాయి, ఊరు చాలావరకు పూడిపోయింది, ఆ ప్రాంతపు రాజధానిని కొకొపోకు తరలించాల్సి వచ్చింది. చనిపోయినవారు మాత్రం పదిమంది లోపే.

అగ్నిపర్వతాల పక్కన బతికేవారిని కాపాడే పనిలో ఉన్న చిక్కంతా ఈ రెండు తేదీల మధ్య పదేళ్లలో ఇమిడి ఉంది. తుఫానులు అలవాటైన తెలుగువారు హెచ్చరిక అనగానే ఒక రకంగా ఊహించుకుంటారు. దివిసీమ ఉప్పెన నాటి 1977తో పోలిస్తే ఇప్పుడు తుఫాను ఎటు పోతోందో ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది, ఏ రాత్రి ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందో ముందే చెబుతారు, దాటాక రెండు రోజుల్లో జనం ఇళ్లకు చేరతారు. అగ్నిపర్వతం దగ్గర ఈ లెక్క పనిచేయదు. అలజడి మొదలైన కొండ వారంలో పేలవచ్చు, పదేళ్లు ఆగవచ్చు, అసలు పేలకుండానే చల్లబడవచ్చు. సన్నద్ధత ఎంతో తేలేది పేలిన రోజున. అది పెరిగేదీ తరిగేదీ మాత్రం ఏమీ జరగని సంవత్సరాల్లో.

అలజడి అంటే ఏమిటో ముందు చూడాలి. భూమి లోపల కరిగి ఉన్న రాయిని మాగ్మా అంటారు. అది పైకి రావాలంటే దారి చేసుకోవాలి. ఆ దారిలో గట్టి రాళ్లు పగులుతాయి. ఆ పగుళ్లే చిన్న చిన్న భూకంపాలు. చాలావాటి సంగతి మనిషికి తెలియదు, సీస్మోమీటరుకే తెలుస్తుంది. రాయి పగిలితే వచ్చే కంపం ఠక్కున మొదలవుతుంది. పగుళ్లలో ఆవిరి, వాయువులు, మాగ్మా పారడం మొదలుపెడితే వచ్చే కంపం తీరు వేరు. అది మెల్లగా మొదలై సాగుతుంది, ఒక్కోసారి గంటల తరబడి తెగని రొదలా ఉంటుంది. మొదటి రకం కంపాల మధ్య రెండో రకం ఎప్పుడు చేరుతుందా అని శాస్త్రవేత్తలు కాచుకుని ఉంటారు. లోపలికి సరుకు చేరుతుంటే కొండ ఒళ్లు ఉబ్బుతుంది. జీపీఎస్ పరికరాలు, వాలును కొలిచే టిల్ట్‌మీటర్లు, ఉపగ్రహాల రాడార్లు ఆ ఉబ్బును మిల్లీమీటర్ల లెక్కన పట్టగలవు.

మూడోది వాయువులు. గోలీ సోడా తాగినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. సీసాలో ఒత్తిడి ఉన్నంతసేపూ వాయువు నీళ్లలో కరిగి కనిపించకుండా ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే బుసబుసా పొంగుతుంది. మాగ్మా కూడా అంతే. లోతున ఉన్నప్పుడు దానిలో కరిగి ఉన్న సల్ఫర్ డయాక్సైడ్, పైకి వచ్చి ఒత్తిడి తగ్గేకొద్దీ బయటపడుతుంది. కొండ మీది గాలిలో ఆ వాయువు రోజుకు ఎన్ని టన్నులు కలుస్తోందో దూరం నుంచే కొలవవచ్చు. అది పెరిగితే మాగ్మా పైపైకి వస్తోందని అర్థం. తగ్గితే? వెనక్కి పోయిందనైనా అనుకోవాలి, గోలీ మళ్లీ బిగుసుకుందనైనా అనుకోవాలి. రెంటికీ ఒకే అంకె. ఫిలిప్పీన్స్‌లో 1991లో సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. ఆ కథకు ముందు కొలంబియా కథ చెప్పుకోవాలి, ఎందుకంటే ఫిలిప్పీన్స్‌లో పనికొచ్చింది కొలంబియాలో నేర్చుకున్న పాఠమే.

నెవాడో డెల్ రూయిజ్ 5,300 మీటర్లకు పైగా ఎత్తున్న మంచుకొండ. 1984 నవంబరులో అక్కడ అలజడి మొదలైంది. 1985 సెప్టెంబరు 11న ఆవిరి పేలుడు జరిగి ఒక లోయ వెంట బురద పారింది. అక్టోబరు 7న శాస్త్రవేత్తలు ప్రమాద పటం విడుదల చేశారు. కొండ కింద నది ఒడ్డునున్న ఆర్మేరో పట్టణం బురద ప్రవాహం దారిలో ఉందని ఆ పటంలో స్పష్టంగానే ఉంది. ఉండకేం, 1845లో వచ్చిన బురద మీదే ఆ ఊరు కట్టారు. పటం అనవసరంగా భయపెడుతోందని, భూముల ధరలు పడిపోతాయని విమర్శలు వచ్చాయి. నవంబరు 13 మధ్యాహ్నం ఊరి మీద బూడిద రాలింది. కంగారు పడొద్దు, ఇళ్లలోనే ఉండండని రేడియోలో చెప్పారు. రాత్రి 9 దాటాక కొండ పేలింది. పేలుడు పెద్దదేమీ కాదు. వేడి బూడిద శిఖరం మీది మంచులో కొంత భాగాన్నే కరిగించింది. ఆ నీరు రాళ్లను, మట్టిని కలుపుకుంటూ లోయల్లో దిగి, రెండున్నర గంటల తర్వాత ఆర్మేరోను ముంచేసింది. అన్ని ఊళ్లలో కలిపి 23,000 మంది చనిపోయారు.

రెండున్నర గంటలు. నడిచి ఎక్కగలిగినంత దూరంలోనే మెరక నేల ఉంది. పరికరాలు తక్కువై జరిగిన ఘోరం కాదిది. కొండ కదులుతోందని తెలుసు, బురద ఎటు వస్తుందో తెలుసు, పటం అచ్చయి ఉంది. ఈ విపత్తును పరిశీలించిన అమెరికన్ శాస్త్రవేత్త బ్యారీ వాయిట్ 1990లో తేల్చింది కూడా ఇదే. ముందే ఖాళీ చేయిస్తే అయ్యే ఖర్చును గానీ, తప్పుడు హెచ్చరిక ఇచ్చామన్న అపవాదును గానీ మోయడానికి అధికారులు సిద్ధపడలేదు. పక్కాగా తెలిశాక చేద్దామని చివరి నిమిషం దాకా ఆగారు, ఆ చివరి నిమిషం ఎవరి చేతిలోనూ లేకపోయింది. విపత్తు జరిగిన మరుసటి ఏడాది, 1986లో, అమెరికా భూగర్భ సర్వే సంస్థ, ఆ దేశపు విదేశీ సహాయ సంస్థతో కలిసి, ఎక్కడ కొండ కదిలినా పిలవగానే పరికరాలతో వెళ్లే ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసింది.

1991 ఏప్రిల్ 2న ఆ బృందానికి పని పడింది. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ ద్వీపంలో పినటుబో కొండ మీద ఆవిరి పేలుళ్లు జరిగాయి. దట్టమైన అడవి కప్పుకుని ఉన్న ఆ కొండను అప్పటిదాకా అగ్నిపర్వతంగా చూసినవారు తక్కువ. చివరిసారి పేలి 500 ఏళ్లయింది. కొండ వాలుల్లో అయేటా అనే ఆదివాసులు ఉండేవారు. వారితో కలిసి పనిచేస్తున్న ఒక క్రైస్తవ సన్యాసిని, ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి అగ్నిపర్వత, భూకంప పరిశోధన సంస్థ ఫివోల్క్స్‌కు ఆ కబురు చెప్పింది. సంస్థ అధిపతి రేముండో పునోంగ్‌బయాన్ వెంటనే సీస్మోమీటర్లు పెట్టించారు. అమెరికన్ బృందం ఏప్రిల్ 23న దిగింది. ఇంత హడావిడికి ఇంకో కారణమూ ఉంది: కొండకు తూర్పున, దగ్గర్లోనే, అమెరికావారి క్లార్క్ వైమానిక స్థావరం ఉంది. ఆదివాసుల పల్లెలు మాత్రమే ఉంటే ఇన్ని పరికరాలు ఇంత త్వరగా వచ్చేవా అన్న అనుమానం అన్యాయమైనదేమీ కాదు.

శాస్త్రవేత్తలు పరికరాలతో పాటు పాత బూడిదనూ చదివారు. కొండ చుట్టూ వాగులు కోసిన గట్లలో పొరలు పొరలుగా పాత విస్ఫోటనాల ఆనవాళ్లు ఉన్నాయి. పినటుబో పేలడం అరుదు, పేలితే మాత్రం భారీగా పేలుతుందని అవి చెప్పాయి. 1991 సీస్మోమీటరు ఎంత గీసినా ఈ సంగతి చెప్పలేదు. ప్రమాద పటం వేసింది ఈ పొరల ఆధారంతోనే.

మే 13న ఐదు స్థాయిల హెచ్చరిక పద్ధతిని ఖరారు చేశారు. ఆ పద్ధతిలో తెలివంతా దాని భాషలో ఉంది. మూడో స్థాయి అంటే రెండు వారాల్లో పేలవచ్చు. నాలుగంటే 24 గంటల్లో పేలవచ్చు. ఐదంటే పేలుతోంది. మాగ్మా ఎంత లోతులో ఉంది, కంపాల రకమేమిటి అన్నవి మేయరుకు అక్కర్లేదు. బస్సులు ఎప్పుడు రప్పించాలన్నది అతనికి కావాలి. ఏ స్థాయిలో ఎవరు కదలాలో ముందే మాట్లాడుకుంటే, ఆ రోజున వాదులాట ఉండదు.

అయినా నమ్మకం అంత తేలిగ్గా రాలేదు. 500 ఏళ్లు పడుకున్న కొండ ఊళ్లను మింగేస్తుందంటే ఎవరు నమ్ముతారు? ఇక్కడ పనికొచ్చింది ఒక వీడియో. ఫ్రెంచి అగ్నిపర్వత శాస్త్రవేత్త మోరిస్ క్రాఫ్ట్ చిత్రీకరించిన దృశ్యాలతో, మండే బూడిద వాలు వెంట ఎంత వేగంగా దూసుకొస్తుందో, బురద ప్రవాహం ఇళ్లను ఎలా ఎత్తుకుపోతుందో చూపించే చిత్రం అది. ఇంకా పూర్తికాని ఆ చిత్రం నకళ్లను సైనికాధికారులకు, స్థానిక నాయకులకు, ఊళ్లలో జనానికి వేసి చూపించారు. అంకెలకు కదలనివారు ఆ దృశ్యాలకు కదిలారు. మోరిస్, ఆయన భార్య కాటియా మాత్రం పినటుబో కథ ముగింపు చూడలేదు. జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ కొండ దగ్గర సరిగ్గా అలాంటి బూడిద ప్రవాహంలోనే వారిద్దరూ చనిపోయారు. ఆ రోజు అక్కడ మరణించినవారు 43 మంది.

మే 13న రోజుకు 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్ 28 నాటికి 5,000 టన్నులు దాటింది. ఆ తర్వాత అకస్మాత్తుగా పడిపోయింది. జూన్ మొదటి వారానికి 300 టన్నులైనా లేదు. మామూలు మనిషికి ఇది శుభవార్త. గోలీ బిగుసుకుందని శాస్త్రవేత్తలు అర్థం చేసుకున్నారు: మాగ్మా పైకొచ్చి దారి మూసుకుంది, లోపల ఒత్తిడి పెరుగుతోంది. అదే సమయంలో కొండ వాపూ, కంపాలూ ఎక్కువయ్యాయి కాబట్టి ఆ నిర్ణయానికి రాగలిగారు. వాయువు అంకె ఒక్కటే చేతిలో ఉంటే ఎటూ తేల్చుకోలేకపోయేవారు. జూన్ 5న మూడో స్థాయి, 7న నాలుగు, 9న ఐదు. 10న క్లార్క్ స్థావరం నుంచి సుమారు 14,500 మంది బయల్దేరి సుబిక్ బేలోని అమెరికా నౌకా స్థావరం చేరారు. 12న, ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య దినం నాడు, మొదటి పెద్ద పేలుడు. ఖాళీ చేయించే వలయాన్ని 10 నుంచి 20, అక్కడి నుంచి 30, చివరికి 40 కిలోమీటర్లకు పెంచుతూ పోయారు. 15న కొండ శిఖరమే ఎగిరిపోయింది. బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఇరవయ్యో శతాబ్దంలో అంతకంటే పెద్దది అలాస్కాలో 1912లో జరిగిన విస్ఫోటనం ఒక్కటే.

ఇంత జాగ్రత్తలోనూ ఊహించనిది ఒకటి జరిగింది. అదే రోజు యున్యా తుఫాను కొండ మీదుగా సాగింది. ఆకాశం నుంచి రాలుతున్న బూడిద వానకు తడిసి ముద్దయి ఇళ్ల కప్పుల మీద పేరుకుంది. పేలుడు రోజుల్లో చనిపోయిన 300 మందికి పైగా జనంలో ఎక్కువమంది కప్పులు కూలి చనిపోయినవారే. వారిలో చాలామంది వలయానికి వెలుపల ఉన్నారు. ఆ తర్వాత శిబిరాల్లో తట్టు, న్యుమోనియా, విరేచనాలు పట్టుకుని అయేటా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. కొండ నుంచి కాపాడి తెచ్చిన పిల్లలను శిబిరంలో కాపాడుకోలేకపోయారంటే, ఖాళీ చేయించడం మీద పెట్టిన శ్రద్ధ ఆ తర్వాతి వారాల మీద పెట్టలేదనే అనుకోవాలి. ఏటా వానాకాలంలో బూడిద బురదై పారడం ఇంకొన్నేళ్లు సాగింది. 1995 అక్టోబరులో బకొలోర్ పట్టణం దానికి బలైంది. అక్కడి చర్చి సగం ఎత్తు వరకు ఇప్పటికీ బురదలోనే ఉంది. ఇవన్నీ కలుపుకున్నా, హెచ్చరిక వల్ల కనీసం 5,000 ప్రాణాలు, 25 కోట్ల డాలర్ల ఆస్తి దక్కాయని ఆనాటి శాస్త్రవేత్తల అంచనా.

ఆ ఐదు స్థాయిల పద్ధతిలో పెద్దగా ఎవరూ చెప్పుకోని నిబంధన ఒకటుంది. స్థాయిని పెంచడానికి ఆగనక్కర్లేదు, దించడానికి మాత్రం ఆగాలి. కొండ నెమ్మదించినా నాలుగు నుంచి మూడుకు దించాలంటే వారం, మూడు నుంచి రెండుకు దించాలంటే 72 గంటలు వేచి చూడాలి. పేలే ముందు వచ్చే నిశ్శబ్దానికి మోసపోకుండా రాసుకున్న మాట అది. స్థాయి దించమని ఒత్తిడి తెచ్చేవారు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, దించకపోవడానికి ఒక కారణం కాగితం మీద ముందే సిద్ధంగా ఉండటం మంచిది.

ఆ ఒత్తిడి చిన్నదేమీ కాదు. 1976లో కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి గ్వాడలూప్‌లో లా సూఫ్రియేర్ కొండ ఆవిరి చిమ్మడం మొదలుపెడితే 70,000 మందికి పైగా జనాన్ని నెలల తరబడి ఇళ్లకు దూరంగా ఉంచారు. మాగ్మా బయటికి రానేలేదు. వస్తుందని క్లోద్ అలెగ్ర్, రాదని హరూన్ తాజియేఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పత్రికలకెక్కి కొట్లాడుకున్నారు. శాస్త్రం మీద జనానికున్న నమ్మకం ఆ రచ్చలో పోయింది. 1982లో కాలిఫోర్నియాలోని మామత్ లేక్స్ పట్టణం దగ్గర ప్రమాదం ఉండవచ్చని భూగర్భ సర్వే ప్రకటించగానే ఇళ్ల ధరలు పడిపోయాయి. స్థానికులు ఆ సంస్థను ఊహాగానాల సంఘం అని వెక్కిరించారు. 2017లో బాలి ద్వీపంలోని ఆగుంగ్ కొండ దగ్గర సెప్టెంబరు 22న హెచ్చరికను అత్యున్నత స్థాయికి పెంచితే దాదాపు 1,40,000 మంది ఇళ్లు వదిలారు. వారిలో దాదాపు సగం మంది ప్రమాద వలయం బయటివారే. వలయం గీత ఎక్కడుందో తెలియక వచ్చినవారు కొందరు, తెలిసినా నమ్మక వచ్చినవారు కొందరు. 1963లో వెయ్యిమందికి పైగా చనిపోయిన కొండ అది; భయపడ్డారని వారిని తప్పుపట్టలేం. అక్టోబరు 29న స్థాయి తగ్గించారు. నవంబరు 21న కొండ పేలడం మొదలైంది.

దీన్నిబట్టి హెచ్చరికలు ఎప్పుడూ ఎక్కువే ఇవ్వాలనుకుంటే అదీ పొరపాటే. హెచ్చరిక మొదట కొట్టేది రోజు కూలీని, పశువులున్న రైతును, దుకాణం నడిపేవాణ్ని. నెల జీతగాడికి ఖాళీ చేయడం అసౌకర్యం. వీరికి అది ఆదాయం ఆగిపోవడం. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో ముందే తేల్చని ప్రణాళికను ప్రణాళిక అనలేం. ఇండోనేషియాలో జావా ద్వీపంలోని మెరాపి కొండ ఈ సంగతి మళ్లీ మళ్లీ నేర్పింది. అక్కడ వాలుల మీద పాడి పశువులే బతుకు. శిబిరంలో పడుకున్న రైతు తెల్లారగానే పశువులకు గడ్డి వేసి, పాలు పితకడానికి ప్రమాద వలయంలోకి వెళ్లిపోతాడు. వద్దనడం తేలిక. పశువులకు శిబిరం కట్టడం, మేత తేవడం కష్టం. కాని పనిచేసేది అదే.

మెరాపిలో ఇంకో హెచ్చరిక వ్యవస్థ కూడా ఉంది, ప్రభుత్వం కంటే చాలా పాతది. యోగ్యకర్త సుల్తాన్ తరఫున కొండకు కావలిగా నియమితుడైన పెద్దాయన మ్బా మరిజాన్ 2006లో ఇల్లు కదలనన్నాడు. ఆ ఏడు కొండ ఆయన ఊరిని వదిలిపెట్టింది, ఆయన దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 2010 అక్టోబరు 25న అధికారులు మళ్లీ అత్యున్నత హెచ్చరిక ఇచ్చారు. ఆయన మళ్లీ కదలలేదు. 26 సాయంత్రం మండే బూడిద ఆయన ఊరిని చుట్టేసింది. ఆయన, ఆయనను చూసి ఆగినవారు, ఆయనను తీసుకురావడానికి వెళ్లినవారు చనిపోయారు. మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులభం. కాని 2006లో ప్రభుత్వం పొమ్మన్నప్పుడు పోనివాడు బతికాడు. ఊరివారికి కళ్లెదుట కనిపించిన రుజువు అది. ఒకసారి తప్పిన హెచ్చరిక రబౌల్‌లో జనానికి దారులు నేర్పితే, ఇక్కడ ధీమా నేర్పింది. రెంటికీ తేడా మధ్యలో జరిగిన సంభాషణలో ఉంది. రబౌల్ గుంటలో నేల 1984 తర్వాత కూడా పూర్తిగా సద్దుమణగలేదు, ఆ మాటను అక్కడి పరిశీలనా కేంద్రం చెబుతూనే వచ్చింది.

2010 నవంబరు 5న మెరాపి ఇంకా పెద్దగా పేలింది. రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా శిఖరం మీది లావా గుమ్మటం పెరగడాన్ని చూస్తుండగా, సురోనో నాయకత్వంలోని ఇండోనేషియా అగ్నిపర్వత పర్యవేక్షణ సంస్థ వలయాన్ని 10 నుంచి 15, ఆపై 20 కిలోమీటర్లకు పెంచింది. ఆ విస్ఫోటనాల్లో 350 మందికి పైగా చనిపోయారు, వలయం పెంచకపోతే ఆ సంఖ్య పది వేలు దాటేదని తర్వాతి అధ్యయనం తేల్చింది. ఆ అనుభవం నుంచి పుట్టింది ‘తోబుట్టువు గ్రామం’ పద్ధతి. కొండ మీది ప్రతి ఊరికీ దిగువన ఒక ఊరిని జత చేశారు. కొండ కదిలితే ఎవరింటి పక్కన ఎవరు దిగాలి, బడి ఎక్కడ, పశువులు ఎక్కడ అన్నవి రెండు ఊళ్లూ ముందే కూర్చుని మాట్లాడుకుంటాయి. 2020 నవంబరులో మెరాపి స్థాయి పెంచినప్పుడు ఎగువ ఊళ్లవారు కొందరు అలా తమ జత ఊళ్లకే దిగారు. తెలియని శిబిరానికి పోవడం వేరు, తెలిసిన ఊరికి పోవడం వేరు.

కొన్నిచోట్ల ఇవేవీ పనిచేయవు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకే శిఖరం మీద శనివారం మధ్యాహ్నం, కొండెక్కినవారు భోజనాలు చేస్తుండగా ఆవిరి పేలి 63 మంది బలయ్యారు. హెచ్చరిక అప్పుడు అట్టడుగు స్థాయిలో ఉంది. 2019 డిసెంబరులో న్యూజిలాండ్‌లోని వకారి దీవిలో పర్యాటకులతో సహా 22 మంది చనిపోయారు. వేడి రాళ్ల మధ్య చిక్కిన నీరు ఉన్నట్టుండి ఆవిరై పేలే ఇలాంటి సందర్భాల్లో మాగ్మా కదలనక్కర్లేదు కాబట్టి పరికరాలకు అందే ఆనవాళ్లు తక్కువ. నోటి దగ్గరకు జనాన్ని పోనివ్వకపోవడం తప్ప వేరే మందు లేదు. పర్యాటకం మీద బతికే ఊళ్లు దీనికి ఒప్పుకోవడం మరో కథ.

మన దేశానికి ఈ బెడద తక్కువే. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ఈశాన్యంగా 140 కిలోమీటర్ల దూరాన ఉన్న బారెన్ ద్వీపం ఒక్కటే సజీవ అగ్నిపర్వతం. అక్కడ మనుషులు లేరు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు చాలామందే ఉన్నారు గాని, వారికి ఆ దీవి వార్తల్లో కనిపించే పొగే. అయినా అగ్నిపర్వతానికి సరిహద్దులు లేవనడానికి నంద్యాల జిల్లా జ్వాలాపురం సాక్ష్యం. సుమత్రాలో 74,000 ఏళ్ల కిందట టోబా పేలినప్పుడు ఎగిరిన బూడిద జుర్రేరు లోయలో ఇప్పటికీ మందపాటి తెల్లని పొరగా ఉంది. 2025 నవంబరులో ఇథియోపియాలోని హేలీ గుబ్బి పేలితే ఆ బూడిద ఎర్రసముద్రం దాటి ఉత్తర భారతం మీదికి వచ్చి విమానాలు రద్దయ్యాయి. ఆ కొండ దగ్గర కాపలా పరికరాలు దాదాపు లేవు. పేలిందన్న కబురు ప్రపంచానికి ఉపగ్రహాలే చేరవేశాయి.

ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువ పరికరాలతో, ఎక్కువమంది కళ్లతో కాపలా కాస్తున్న కొండల్లో ఇటలీలోని కాంపీ ఫ్లెగ్రే ఒకటి. నిజానికి అది కొండ కాదు, నేపుల్స్ పక్కన రబౌల్ లాంటి పెద్ద గుంట. దానిలోని పొజ్జువోలి పట్టణంలో రోమన్ల కాలపు అంగడి స్తంభాలున్నాయి. నేల మీద నుంచి ఏడు మీటర్ల ఎత్తు వరకు వాటి మీద సముద్రపు గవ్వపురుగులు తొలిచిన రంధ్రాలు కనిపిస్తాయి. అంటే ఆ నేల సముద్రంలో మునిగి, మళ్లీ లేచింది. 1538లో అక్కడ వారం రోజుల్లో ఒక కొత్త కొండే పుట్టింది. 1982-84లో, రబౌల్ కదిలిన కాలంలోనే, పొజ్జువోలి నేల 1.8 మీటర్లు లేచింది; 40,000 మందిని తరలించారు. ఏమీ కాలేదు. చాలామంది పాత ఇళ్లకు మళ్లీ రానేలేదు. 2005 నుంచి నేల మళ్లీ లేస్తోంది. 2012 డిసెంబరు నుంచి హెచ్చరిక, నాలుగు రంగుల వరుసలో రెండోదైన పసుపు రంగులోనే ఉంది. 2025లో 4.6 తీవ్రతతో రెండు భూకంపాలు వచ్చాయి.

పేలే ముందే ఖాళీ చేయించాల్సిన ఎర్ర వలయంలో ఐదు లక్షల మంది ఉన్నారు. వారిని బయటికి పంపే ప్రణాళిక 72 గంటలది: సర్దుకోవడానికి 12, ప్రయాణానికి 48, అడ్డంకులకు 12. మెరాపి ఊళ్లలాగే ఇక్కడా జతలున్నాయి. పొజ్జువోలివారు ఉత్తరాన ఉన్న లొంబార్డీకి పోవాలి. కాగితం మీద పద్ధతిగానే ఉంది. కాని రబౌల్ గుంట ఇచ్చిన గడువు 27 గంటలు, అది కూడా ఇరవై ఏళ్లకు పైగా నేల లేస్తూ వచ్చిన తర్వాత. పేలడానికి మూడు రోజుల ముందే రంగు మార్చాలంటే, పక్కాగా తెలియకుండానే మార్చాలి. మార్చాక కొండ పేలకపోతే ఐదు లక్షల మందిని వెనక్కి తేవాలి, 1983-84లో తరలిపోయిన వీధులను మరవని ఊరికి జవాబు చెప్పుకోవాలి. ఆ సంతకం పెట్టాల్సింది శాస్త్రవేత్తలు కాదు, ప్రభుత్వం. పొజ్జువోలి పాత రేవులో నేల లేచేకొద్దీ నీరు పలచబడి, చేపల పడవలు కొన్ని బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. నేల లేస్తోందని అక్కడివారికి ఏ జీపీఎస్ చెప్పనక్కర్లేదు; ఎప్పుడు బయల్దేరాలన్నదే ఎవరూ చెప్పలేకపోతున్నారు.